మామ చేసిన మంచం

ఆ పొద్దున ఆగయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. కొత్తగా దొరికిన కంపెనీ క్వార్టరు గోడలకు రెండో పూత సున్నం కొట్టాలి, కుండల నిండా నీళ్లు పట్టాలి, గడ్డం గీసుకుని సాయంత్రం బస్సు వేళకు నలుగురిలో నిలబడదగ్గ మనిషిగా తయారవ్వాలి. అంతే. ఆ మాత్రం దానికే బొగ్గుబాయి పని మానుకుని, పై అధికారిని బతిమాలి సెలవు పెట్టుకున్నాడు.

ఆ బస్సులో పెళ్లాం ఐలవ్వ వస్తున్నది. పెళ్లాంతో పాటు అత్త సారవ్వ కూడా వస్తున్నది. అసలు గుబులంతా అక్కడే ఉంది. పెళ్లయి ఏడాది దాటినా ఐలవ్వ పుట్టింట్లోనే ఉంటున్నది. గోదావరిఖని అప్పటికింకా కొత్త ఊరు. బాయి పనికి వచ్చినవాళ్లు ఒక్కో గదిలో ముగ్గురు నలుగురు సర్దుకుని పడుకునేవారు. అలాంటి చోటికి బిడ్డను పంపేది లేదని సారవ్వ భీష్మించుకుని కూర్చుంది. ఇప్పుడు క్వార్టరు వచ్చిందని ఆగయ్య కబురు చేస్తే ఆమె ఒకే మాట చెప్పి పంపింది. "నేనే వచ్చి కండ్లార జూస్త. మనసున వడ్డదా, పిల్లను ఉంచిపోత. లేకుంటే ఎంబడి వెట్టుకొని వచ్చిన బస్సుకే మళ్లుత."

ఒంటరిగా వండుకుని, సగం మాడ్చుకుని తినడం ఆగయ్యకు రోతపుట్టింది. డ్యూటీ దిగి వచ్చేసరికి ఇంట్లో ఒక మనిషి అలికిడి ఉండాలని అతనికి మహా ఆశగా ఉంది. ఆ ఆశతోనే సున్నం కుంచె పట్టుకుని ఈలవేస్తూ గోడెక్కినంత పని చేస్తుండగా పోశం వచ్చాడు. పోశం అత్తగారి ఊరివాడే, ఆగయ్యతో పాటు అదే బాయిలో పనిచేస్తాడు. ఊరికి వెళ్లి పొద్దుటి బస్సుకే తిరిగొచ్చాడు.

"బావా, అత్త పగటి బస్సుకే వస్తున్నది. మాపటి దాక ఆగేటట్టు లేదు."

"రానీ. సున్నం ఆరిపోతది."

"సున్నం గాదు బావా. ఆమెకు ముందుగాల మంచం జూడాల్నట."

ఆగయ్య చేతిలో కుంచె ఆగిపోయింది. "ఏ మంచం?"

"ఏ మంచమేంది? మీ మామ చేసిన మంచం. రాత్రంత గదే ముచ్చట. 'ముసలోడు పోయినంక ఆయన చేతి వస్తువ నా ఇంట్ల ఒక్కటన్న లేదు. ఉన్నదల్ల అల్లునికిచ్చిన మంచం. దాని మీద జరసేపు కూసుంటె పానం నిమ్మలమైతది' అని ఒకటే ఏడుపు. ఏంది బావా, మొఖం గట్ల వెట్టినవ్?"

ఆగయ్య మొహం అలా పెట్టడానికి కారణం ఉంది. ఆ మంచాన్ని అతను అప్పటికే అమ్మేశాడు.

మామ బుచ్చన్న వడ్రంగి కాడు, ఒట్టి రైతు. కూతురి పెళ్లికి తన చేతి మంచమే పెట్టాలని మంకుపట్టు పట్టి, ఎవరి దగ్గరో చెక్క చెక్కే బాడిశె అరువు తెచ్చుకుని కూర్చున్నాడు. మూడు మంచంకోళ్లు టేకుతో చెక్కాడు. నాలుగోదానికి టేకు చాలక తుమ్మ మొద్దు చెక్కి బిగించాడు. దాంతో ఆ మంచం పుట్టు కుంటిది. ఎక్కడ వేసినా ఒక కోడు కింద పెంకు ముక్క పెట్టాలి. అటు పొర్లితే కిర్రు, ఇటు పొర్లితే కర్రు. పైగా నల్లులు. కొత్త క్వార్టరులో కరెంటు బల్బు వెలుతురు పడేసరికి అది ఆగయ్య కంటికి మరీ దిక్కుమాలినదిగా కనిపించింది. కంపెనీ ఇంట్లో ఉండేవాడికి ఇనుప మంచమే అందమని మంచిర్యాల దుకాణంలో ఒకటి చెప్పి పెట్టాడు. రేపు మాపు అంటూ అది ఇంకా రాలేదు. పాతది మాత్రం వెంటనే పోయింది. బాయి దగ్గర టోపీ దీపాలిచ్చే గదిలో పనిచేసే మత్తయి అడగడమే ఆలస్యం, ఇద్దరూ చెరో పక్క పట్టుకుని సంతోషంగా మోసుకుపోయారు.

ఆగయ్య కుంచె కింద పెట్టేశాడు. అరచేతులు బొబ్బలెక్కిన ఆ ముసలివాడు, పెళ్లినాడు మంచం పక్కన నిలబడి, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని అందరి మొహాలూ చూసిన చూపు గుర్తుకొచ్చింది. తను చేసింది పాపిష్టి పని అని అతనికి సందేహం లేకుండా తెలిసిపోయింది.

"అమ్ముకున్న, పోశం," అన్నాడు నీరసంగా.

పోశం నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "పుట్టి మునిగింది పో! నడువ్, జల్ది. బస్సు వచ్చేలోపల మల్ల తెచ్చి ఇంట్ల ఏద్దాం."

మత్తయి ఇంట్లో మంచం లేదు. వాకిట్లో మత్తయి భార్య సుగుణమణి ఉంది. మంచం పేరు ఎత్తగానే ఆమెకు నల్లులు కుట్టిన చోటల్లా మళ్లీ మంట పుట్టింది.

"నువ్వు అమ్మింది మంచం కాదు తమ్మీ, నల్లుల బాయి! ఒక్క రాత్రి పండినం. తెల్లారంగనే బ్రమ్మచారుల గదికి ఇచ్చేసిన. వాళ్లకు ఒళ్లు మీద సోయి ఉంటదా?"

"అక్కా, నీ కాళ్లు మొక్కుత, అది మల్ల కావాలె. మా అత్త వస్తున్నది."

సుగుణమణి సంగతంతా విని, లోపల అన్నం తింటున్న మొగుణ్ణి కేకేసింది. "అమ్మినాయనది ఒక తప్పు, ముందు ఎనుక జూడకుంట కొన్నాయనది రెండు తప్పులు. లెవ్వుండ్రి, పోయి ఒక కోడు పట్టుండ్రి."

మత్తయి చెయ్యి కడుక్కుని ముందు నడిచాడు. ఆయన చర్చిలో పెద్ద. ఏ పని చేస్తున్నా గొంతులో ఏదో ఒక కీర్తన సన్నగా, దీర్ఘంగా సాగుతూనే ఉంటుంది.

బ్రహ్మచారుల గదిలో ముగ్గురు ఉంటారు, మంచం ఒక్కటే. రెండో షిఫ్టువాడు లేచిపోతే రాత్రి షిఫ్టువాడు వచ్చి పడతాడు, వాడు లేస్తే మొదటి షిఫ్టువాడు. ఆ మంచం వచ్చినప్పటి నుంచి దానికి ఒక్క పూట సెలవు దొరకలేదు. ఆగయ్యవాళ్లు వెళ్లేసరికి రెండో షిఫ్టు గట్టయ్య డ్యూటీకి బయలుదేరుతున్నాడు. మంచం మీద కొమురెల్లి బోర్లా పడి నిద్రపోతున్నాడు. రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టు కలిపి కొట్టి తెల్లారి వచ్చాడు. స్నానం చేసే ఓపిక కూడా లేక బొగ్గు మొహంతోనే కూలబడ్డాడు.

"మంచమా? కొండవోండ్రి. మాకు చాపలున్నయి," అన్నాడు గట్టయ్య గుసగుసగా. "కని కొమురెల్లిని మాత్రం లేపుడు లేదు."

గోదావరిఖనిలో ఎవరూ రాసిపెట్టని చట్టం ఒకటుంది. రాత్రి డ్యూటీ చేసి పడుకున్నవాణ్ణి లేపకూడదు. పసిపిల్లలు ఏడిస్తే తల్లులు ఎత్తుకుని అవతలి వీధికి పోతారు. ఉప్పు అమ్మేవాడు కూడా ఆ గుమ్మం ముందు కేక మింగుకుంటాడు. నిద్ర చాలని మనిషి బాయిలోకి దిగితే ఏమవుతుందో అక్కడ అందరికీ తెలుసు.

మెల్లగా కిందికి దించుదామని పోశం భుజాల కింద చెయ్యి పెట్టాడు. కొమురెల్లి కళ్లు తెరవకుండానే ఒక్కటిచ్చాడు. పోశం దవడ పట్టుకుని వెనక్కి వచ్చేశాడు.

"గట్లయితె మనిషితోనే కొండవోదాం," అన్నాడు ఆగయ్య. అతనికి బస్సు తప్ప మరో ధ్యాస లేదు. "మా ఇంట్లనే నిద్ర తీరేదాక పండనీ. అత్తకు నేను చెప్పుకుంట."

"గదీ మంచిదే. నా డ్యూటీ తోవే గదా, నేనొక దిక్కు పడుత," అన్నాడు గట్టయ్య.

నలుగురూ నాలుగు కోళ్లు పట్టి భుజాలకెత్తుకున్నారు. బయట ఎండ నిప్పులు చెరుగుతున్నది. పాపం, నిద్రపోయేవాడి మొహం మీద ఎండ పడుతుందని మత్తయి తన ఇంటి నుంచి తెల్లటి దుప్పటి ఒకటి తెప్పించి తల మీది నుంచి కప్పాడు. అది కొంచెం పొట్టి అయింది. చివరన బొగ్గు అంటిన రెండు పాదాలు బయటికి మిగిలాయి. కొమురెల్లికి గురక పెట్టే అలవాటు లేదు. ఉండి ఉంటే కథ మొదటి మలుపులోనే ముగిసేది.

మలుపు దగ్గర ఉడకబెట్టిన శనగ గుడాలు అమ్మే సాయమ్మ కూర్చుంటుంది. బాయి ఊళ్లో నలుగురు మనుషులు గుడ్డ కప్పిన మంచం మోసుకొస్తుంటే ఎవరికైనా ఒకటే తోస్తుంది. ఆమె గుండె చిక్కబట్టుకుని లేచి నిలబడింది.

"ఎవలు కొడుకా?"

"కొమురెల్లి," అన్నాడు గట్టయ్య. నిద్ర చెడుతుందేమోనని గొంతు బాగా తగ్గించాడు.

"అయ్యో! ఎప్పుడు బిడ్డా?"

"పొద్దుగాల. బాయిలకెళ్లి వచ్చుడుతోనే."

ఆగయ్య కళ్లు పొద్దుటి సున్నానికి ఎర్రబడి ఉన్నాయి, ఇప్పుడు పశ్చాత్తాపానికి నీళ్లు కూడా తిరిగాయి. ఎవరితోనైనా చెప్పుకుంటే తప్ప బరువు తీరదనిపించింది. "అంత నేనే చేసుకున్న అవ్వా. ఒక్క గడియ ఆలోచించినా గిట్ల గాకపోవు," అన్నాడు. ఆ వెనక మత్తయి గొంతులో కీర్తన సన్నగా సాగుతున్నది.

సాయమ్మ గుడాల గంప అక్కడే వదిలేసి శోకం అందుకుంది.

ఆ తర్వాత ఎవరికీ ఏమీ చెప్పవలసిన పని లేకపోయింది. టీ హోటలు ముందున్నవాళ్లు గ్లాసులు కింద పెట్టి వెంట నడిచారు. సైకిళ్ల మీద రెండో షిఫ్టుకు పోయేవాళ్లు దిగి సైకిళ్లు నడిపించుకుంటూ కలిశారు. దుకాణాల తలుపులు ఒకటొకటిగా మూతపడ్డాయి. తోటి కార్మికుడి మంచానికి భుజం పట్టడం అక్కడ మర్యాద. "నువ్వు అలసినవ్ తమ్మీ, ఇటియ్యి," అంటూ ఒకాయన ఆగయ్య దగ్గర కోడు అందుకున్నాడు. మిగతా ముగ్గురి దగ్గరా మరో ముగ్గురు అందుకున్నారు. చూస్తుండగానే మంచం ముందుకు, ఆగయ్య వెనక్కు పోయాడు.

"అన్నా, అటు గాదు! మా ఇంటికి, మా ఇంటికి!" అని అరిచాడు ఆగయ్య.

"పాపం, దుఃఖంల మతి తప్పింది," అన్నారు ఎవరో.

"సచ్చిపోలేదన్నా, నిద్రవోతున్నడు!"

"అవు తమ్మీ," అని ఒక ముసలాయన అతని భుజం మీద చెయ్యి వేసి కళ్లు తుడుచుకున్నాడు. "నిద్రవోతున్నట్టే ఉన్నడు."

పోశం అడ్డుపడి దుప్పటి లాగబోతే నలుగురు పట్టుకుని పక్కకు తీసుకుపోయి నీళ్లు తాగించారు. గట్టయ్య ఎవరితో మొదలుపెట్టాలో తెలియక ప్రతివాడి చెవిలో ఊదుతూ వెనకబడ్డాడు. గట్టిగా చెప్పమంటే, కొమురెల్లి లేస్తాడు కదా అంటాడు. దుప్పటి ఎత్తి మొహం చూసే ధైర్యం మాత్రం ఎవరికీ చాలలేదు.

ఆగయ్య ఇంటికి పోవలసిన మంచం బాయి ఆఫీసు ముందు ఆగింది. అప్పటికే యూనియన్ నాయకుడొకాయన అక్కడ అరుగెక్కి ఉన్నాడు. ఎవరు తెచ్చారో పూలదండ కూడా వచ్చింది. దాన్ని ఆయన దుప్పటి మీద వేసి, గొంతు సవరించుకున్నాడు.

"న్యాయం జరిగేదాక మంచం కదలది! షిఫ్టు దిగది! కొమురెల్లి భార్యకు నౌకరి ఇయ్యాలె!"

"ఇయ్యాలె!" అంది జనం.

"పెండ్లి కాలేదన్నా," అన్నారు కింద నుంచి.

"పెండ్లన్న కాని కొమురెల్లి!" నాయకుడు నిజంగానే కళ్లొత్తుకున్నాడు. "గింత అన్యాయం ఎక్కడన్న ఉన్నదా?"

ఆఫీసులోంచి గుమాస్తాలు బయటికి వచ్చి, ప్రమాదం జరిగినట్టు బాయి నుంచి కబురే లేదని మొత్తుకుంటున్నారు. వినేవాడు లేడు. ఆగయ్య జనం కాళ్ల సందుల్లో దూరి ముందుకు వస్తుండగా, రోడ్డుకు అడ్డంగా నిలిచిన జనం వల్ల పగటి బస్సు అక్కడే ఆగిపోయింది.

బస్సు కిటికీలోంచి సారవ్వ తల బయటపెట్టింది. ఆమె చూపు సరాసరి మంచం కోళ్ల మీద పడింది. మూడు టేకువి, ఒకటి తుమ్మది. లోకంలో అలాంటి మంచం ఇంకొకటి ఉండే అవకాశం లేదు.

"ఓ దేవుడా! గది మా ఆయన మంచం!" అని ఒక్క కేక వేసి బస్సు దూకినంత పని చేసింది. వెనక ఐలవ్వ మూట వదిలేసి పరుగెత్తింది. అల్లుడి మంచం మీద, తెల్లగుడ్డ కింద, బాయి ఆఫీసు ముందు, బొగ్గు పాదాలతో ఎవరుంటారు? సారవ్వ ఆ పాదాల మీద పడిపోయింది.

"కొడుకా ఆగయ్యా! బంగారమసొంటి అల్లుడా! నోట్లె నాలికె లేనోడివి, ఒక్కనాడు ఎదురు మాట్లాడకపోతివి! నేనే పాపిష్టిదాన్ని, పిల్లను పంపక సతాయిస్తి! నీ అసొంటి మొగడు నా బిడ్డకు ఏడేడు జన్మలకు దొరుకునా?"

జనం చాటునున్న ఆగయ్య ఠక్కున ఆగాడు. బతికుండగా అత్త నోట ఇంత మంచి విన్న అల్లుడు ఆ చుట్టుపక్కల ఎవడూ లేడు. ఇంకొక్క రెండు మాటలు విందామని అతనికి అనిపించలేదంటే అబద్ధం.

"ఒక్కసారి లెవ్వు కొడుకా! నువ్వు లేస్తె నా బిడ్డను ఇప్పుడే, ఈ ఘడియనే నీ ఇంట్ల ఉంచిపోత!"

ఐలవ్వ మాత్రం ఏడవడం లేదు. మంచం పట్టె పట్టుకుని, దుప్పటి వైపు చూస్తూ నిలబడిపోయింది. ఆ మొహం చూసేసరికి ఆగయ్య గుండె కరిగి నీరైంది. అందర్నీ తోసుకుంటూ వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఐలా, నేను ఈడనే ఉన్న. నాకేం కాలె."

ఐలవ్వ అతన్ని తేరిపార చూసింది. అప్పుడు ఏడ్చింది. సారవ్వ అల్లుణ్ణి చూసి, మంచాన్ని చూసి, మళ్లీ అల్లుణ్ణి చూసి పెట్టిన కేక మొదటిదానికంటే పెద్దది. ఆ కేకకు మంచం కిర్రుమంది. దుప్పటి జారింది. ఒళ్లో పడ్డ పూలదండతో, బొగ్గు మొహంతో, ఎర్రటి కళ్లతో కొమురెల్లి లేచి కూర్చున్నాడు.

జనం ఒక్క ఉదుటున వెనక్కి తగ్గింది. నాయకుడు అరుగు దిగి గోడ పట్టుకున్నాడు.

"ఏంది లొల్లి?" అన్నాడు కొమురెల్లి అందరి వైపూ కోపంగా చూస్తూ. "రాత్రి షిఫ్టు చేసొచ్చినోన్ని జరంత పండనియ్యరా?"

అంతమంది ఒక్కసారిగా తప్పు చేసినట్టు తలలు దించుకున్నారు. కొమురెల్లి దండ తీసి తల కింద పెట్టుకుని మళ్లీ పడుకున్నాడు. ఆ తర్వాత అక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. రెండో షిఫ్టువాళ్లు సైకిళ్ల గంటలు మోగకుండా చేత్తో పట్టుకుని డ్యూటీకి వెళ్లిపోయారు. బస్సు డ్రైవరు హారను కొట్టకుండా బండి తిప్పుకున్నాడు. నాయకుడు కూడా చెప్పులు చేత పట్టుకుని మునివేళ్ల మీద నడిచి పోయాడని చూసినవాళ్లు చెప్తారు.

మిగిలింది మంచం, దాని చుట్టూ అయినవాళ్లు. సారవ్వ కొంగుతో మొహం తుడుచుకుని, "ఈ మంచం బజార్లెకు ఎట్ల వచ్చింది?" అని అడిగింది.

ఆగయ్య అబద్ధమాడలేదు. "అమ్ముకున్న అత్తా. తప్పయింది. తిరిగి తెస్తుంటె గిట్లయింది."

సారవ్వ మంచం అంచున కూర్చుని తుమ్మ కోడును అరచేత్తో నిమిరింది. అది కిర్రుమన్నది గానీ కొమురెల్లి కదల్లేదు.

"చెక్కుతున్నప్పుడు ఆయన ఒకటే అనెటోడు," అంది. "'బాయి పని చేసెటోనికి నిద్రకు మించిన పెట్టువోత లేదే' అని. నువ్వేమో అమ్ముకుంటివి. ఈ పిలగాడు జూడు, ఊరంత మీద వడి మొత్తుకున్నా మల్ల పన్నడు. ఆయన చేసింది వీనికేనేమో. పీనుగ లెక్క ఊరేగిన మంచం నా బిడ్డ ఇంటికొద్దు. వీనికే ఉండనీ."

మంచం చట్టప్రకారం తనది కదా అని మత్తయి నోరు తెరవబోయాడు. భార్య మొహం గుర్తొచ్చి, ఆ గాలిని కీర్తనలోకి మళ్లించాడు.

ఇచ్చిన మాట మాత్రం సారవ్వ తప్పలేదు. లేస్తే ఉంచుతానన్నది, ఎవరో ఒకరు లేచారు. పైగా ఊరందరి ముందు అల్లుణ్ణి అన్నేసి పొగిడాక వెనక్కి తీసుకోవడానికి ఆమెకు దారి కూడా లేదు. ఆ రాత్రి కొత్త క్వార్టరులో పొయ్యి వెలిగింది. ఐలవ్వ వండిన అన్నం ఆగయ్య మాడు లేకుండా తిన్నాడు. ముగ్గురూ కిందే చాపలు వేసుకుని పడుకున్నారు.

తెల్లవారి చాప మీది నుంచి లేవడానికి సారవ్వ గోడ పట్టుకోవలసి వచ్చింది. కాసేపు నడుం ఒత్తుకుని, ఇల్లంతా కలయజూసి, అల్లుడి వైపు తిరిగింది.

"బిడ్డా ఆగయ్యా, రాత్రంత కంటికి కునుకు లేదు. నిన్న మంది జూస్తుంటె దుఃఖంల ఇచ్చేసిన కని, ఆయన చేతి మంచం గట్ల ఇచ్చుడు తప్పాయె. ఆ పిలగాడు నిద్ర లేచే యాళ్లకు వోయి, మంచిగ అడిగి..."

ఆగయ్య అప్పటికే బూట్లు తొడుక్కుంటున్నాడు. "డ్యూటీ యాళ్లయింది అత్తా," అంటూ టోపీ నెత్తిన పెట్టుకుని, వెనక్కి చూడకుండా వీధిలో పడ్డాడు.

ఆ రోజు ఆదివారం, బాయిలన్నిటికీ సెలవు.